మోటారు చక్రములలో గాలి యెంత యుండవలెను?

రోహిణికార్తె యెండకు రోళ్లు పగులునని మనవారి సామెత. ఆ దినములలో కార్లు గలవారు కొందఱు, ఎండకు టైర్లు పగులునను భయముచే, చక్రములలోని గాలి కొంత తీసివేయించుచుందురు. వినుటకు యుక్తముగా దోచు నీ పని మిక్కిలి యపాయకరము. అది యేల యపాయకరమో, గాలి యెంత యుండవలెనో విద్యార్థులకును వారి తలిదండ్రులకును దెలుప నుద్దేశించి మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇద్దఱు మాత్రమే కూర్చుండదగిన చిన్న స్పోర్ట్సుకారును దృష్టాంతముగా గైకొందుము. అది తేలికయైనది, నేలకు దాపుగా నుండునది. కావున గాలియందలి స్వల్పభేదమైనను దాని నడకలో వెంటనే తెలియవచ్చును.

గాలిటైరునకు 1845వ సంవత్సరమున రాబర్టు థామ్సను అను స్కాట్లండు దేశీయుడు పేటెంటు పొందెను గాని యది మఱుగుపడెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికై దానిని మరల గనిపెట్టెను. ధాన్యపు బస్తాలు మోయు మన టైరుబండియు నా వంశములోనిదే.

బరువును మోయునది రబ్బరు గాదు. అందు బంధింపబడిన గాలి. 1989లో వెలువడిన మజ్దా మియాటా యను చిన్న స్పోర్ట్సుకారునకు దానిని జేసినవారు చదరపుటంగుళమునకు 26 పౌన్ల గాలిని నిర్ణయించిరి. లెక్కకొఱకు కారును మనుష్యులును గలిసి 1,000 కిలోలనుకొన్నచో, ఒక్కొక్క చక్రముపై 250 కిలోలు, అనగా రమారమి 550 పౌన్ల బరువు పడును. దీనిని 26చే భాగింపగా 21 చదరపుటంగుళములు వచ్చును. కాబట్టి ఒక్కొక్క చక్రము నేలను తాకు చోటు పోస్టుకార్డు కంటె కొంచెమే పెద్దది. మలుపు తిరుగుట, బ్రేకు పట్టుట మొదలగు సర్వమును ఆ నాలుగు కార్డులపైననే జరుగవలెను.

గాలి మితిమీఱినచో ఆ కార్డు చిన్నదగును. టైరు నడుమభాగమే యఱుగును. గతుకులలో చక్రము ఎగిరిపడును. గాలి చాలనిచో టైరు ప్రక్కలు చుట్టుచుట్టునకు వంగి మరల నిలుచును. ఇనుపతీగెను పలుమాఱు వంచినవారికి అది వేడెక్కుట తెలియును. టైరును నట్లే లోలోపల వేడెక్కి, దాని పొరలు వీడి, వేగముగ బోవునప్పుడు బ్రద్దలగును. వర్షకాలమున రోడ్డుపై నీరు నిలిచినపుడు, గాలి తక్కువైన టైరు నీటిని త్రోసివేయలేక దానిపై తేలుటకు నెక్కువ యవకాశము గలదు. కాలువగట్లపై రోడ్లు గల మన డెల్టాలో నిది యెంత ప్రమాదమో వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఇక నెండ మాట. ఉదయమున 30 సెంటిగ్రేడు డిగ్రీల యొద్ద 26 పౌన్ల గాలి నింపితిమనుకొందము. మధ్యాహ్నము రాజమహేంద్రవరము నుండి రావులపాలెము మీదుగా తణుకు వఱకు పరుగెత్తిన పిమ్మట లోపలిగాలి 60 డిగ్రీలకు వేడెక్కినచో, కొలమాని రమారమి 30 పౌన్లు చూపును. పై తరగతుల విద్యార్థులు బయటి వాయుపీడనమగు 14.7 పౌన్లను గూర్చి, డిగ్రీలకు 273 చేర్చి, ఈ లెక్కను సరిచూడవచ్చును. ఈ పెరుగుదలను ముందుగా నెంచియే టైరు చేయబడినది. చూచి భయపడి 4 పౌన్లు తీసివేసినచో, మఱునాటి యుదయమున చల్లబడిన టైరులో రమారమి 22 పౌన్లే మిగులును. పగులునను భయముతో పగులుటకు మార్గమును మనమే సిద్ధపఱచినవార మగుదుము.

కాబట్టి యీ నియమములను గమనింపవలెను. మొదటిది: కారు కనీసము మూడుగంటలు నిలిచియుండి, టైర్లు చల్లగా నున్నప్పుడే గాలి కొలువవలెను. రెండవది: నడుపువాని తలుపుచట్రముపైనను, కారుతో నిచ్చిన పుస్తకములోను గల సంఖ్యయే ప్రమాణము, టైరు ప్రక్కను ముద్రించిన సంఖ్య గరిష్ఠపు హద్దు మాత్రమే. మూడవది: ముందు వెనుకల సంఖ్యలు వేఱుగా నున్నచో నా భేదమును చెఱుపరాదు. ఎమ్.జి.బి. యను ఇంగ్లీషు స్పోర్ట్సుకారునకు రేడియల్ టైర్లయందు ముందు 21, వెనుక 24 పౌన్లు విధింపబడెను. ఆ భేదమును తాఱుమాఱు చేసినచో మలుపులలో కారు వెనుకభాగము జాఱవచ్చును. నాలుగవది: బరువు హెచ్చినప్పుడు పుస్తకములో జెప్పినంత గాలి హెచ్చింపవలెను. కారునడకను సరిదిద్దుకొన దలచువారు ఒకటి రెండు పౌన్లు హెచ్చించి పరీక్షింపవచ్చును గాని, నిర్ణయింపబడిన సంఖ్యకు దిగువకు బోరాదు. ఐదవది: నెల కొకమాఱు, దూరప్రయాణమునకు ముందును, స్టెప్నీతో గూడ కొలువవలెను.

కాలితో తన్ని చూచిన గాలి తెలియదు. కంటితో చూచినను దెలియదు. కొలమాని వెల స్వల్పము. దానివలన రక్షింపబడు ప్రాణములకు వెల లేదు. సరియైన త్రాసును, సరియైన తూనికరాయిని సత్యవేదము మెచ్చునని మన బాలబాలిక లెఱుగుదురు. ఈ కొలమానియు నొక త్రాసే. ఇంట కారు గల విద్యార్థులు వచ్చు శనివారమునాటి యుదయమున తండ్రులతో గూడి చక్రములను కొలిచి, ఆ సంఖ్యలను వ్రాసి యుంచుకొందురు గాక.