ఒడిలో బిడ్డ – బండిలో బరువు

సంక్రాంతి దగ్గరపడుచున్నదనగానే మన యిండ్లలో పిండివంటల మాటకన్న ముందు ప్రయాణపు మాట పుట్టును. బెంగుళూరు, చెన్నపట్నం, షోలాపూరు, బొంబాయి, బరంపురం, యానాం – ఈ ఊళ్లలో తాతలనాడే స్థిరపడిన కుటుంబాలము మనము. అయినను ఏడాదికొకసారి అటు తెనాలికో, ఇటు అనంతపురానికో పోయి, మిగిలియున్న పెద్దమ్మనో మేనత్తనో పలకరించి రాకపోతే మనసొప్పదు. పూర్వము రైలుపెట్టెలో మరచెంబు, పరుపుచుట్టతో పోయెడివారము. ఇప్పుడు చాలా యిండ్ల ముందు కారున్నది. రోడ్లును బాగుపడినవి. 16వ నెంబరు జాతీయ రహదారి ఒక కొసనుండి బరంపురం వారిని, మరొక కొసనుండి చెన్నపట్నం వారిని ఆంధ్రతీరమునకు చేర్చుచున్నది. షోలాపూరు వారికి 65వ నెంబరు రోడ్డు హైదరాబాదు మీదుగా బెజవాడ దారి చూపుచున్నది. బెంగుళూరు వారికి 44వ నెంబరు కలదు. 216వ నెంబరు రోడ్డు యానాం మీదుగానే పోవుచున్నది. రోడ్డు మారినది, వేగము మారినది. మన అలవాట్లు మాత్రము జట్కాబండినాటివే.

ఇతరులను ఆక్షేపించుటకు ఈ మాట అనుటలేదు. మా యింట జరిగినదే ముందు చెప్పుకొందుము.

కొన్నేండ్ల క్రిందట పండుగకు బయలుదేరినాము. కారు అయిదుగురిది. మనుష్యులము తొమ్మండుగురము – ఆరుగురు పెద్దలు, ముగ్గురు పిల్లలు. చివరి నిముషమున మా పినతల్లిగారు, ఆమె కొడుకు వచ్చి చేరిరి. "స్థలము లేదమ్మా" అని పెద్దవారితో ఎట్లు అనగలము? "సర్దుకుందాం లెండి" అన్నాము. మన భాషలో ఇంత మంచి మాట మరొకటి లేదు. కారు విషయములో ఇంత చెడ్డమాటయు మరొకటి లేదు. రెండున్నరేండ్ల మా అమ్మాయి ముందుసీటులో మా అమ్మగారి ఒడిలో కూర్చున్నది. డిక్కీ నిండగా మిగిలిన సామాను కాళ్లక్రిందను, వెనుక అద్దము దగ్గరి అరమీదను చేరినది. ఆ అరమీదనే అయిదు కిలోల ఆవకాయ జాడీ.

చీకటి పడు వేళ ఒక ఊరి పొలిమేరలో గేదెలు రోడ్డెక్కినవి. గట్టిగా బ్రేకు వేసినాము. దేనినీ గుద్దలేదు. వేగము నలభైకి మించి లేదు. అయినను పిల్ల ఒడిలోనుండి జారి నుదురు డ్యాష్‌బోర్డుకు కొట్టుకొన్నది. వెనుకనుండి జాడీ వచ్చి ఇద్దరు పిల్లల నడుమ పడి పగిలినది. నాలుగంగుళాలు ఇటైనా అటైనా ఒక తలమీద పడియుండును. దగ్గరి ఊరిలో డాక్టరు మూడు కుట్లు వేసి ఒక్కటే మాట అన్నాడు: "ఇది నలభైలో గనుక కుట్లతో పోయింది. ఎనభైలో అయితే నా దగ్గరికి తెచ్చే పనే ఉండేది కాదు."

ఆ రాత్రంతయు మా అమ్మగారు "నేను పట్టుకొనే ఉన్నానురా నాయనా, గట్టిగా పట్టుకొనే ఉన్నాను" అని అంటూనే ఉన్నది. ఆమె అబద్ధమాడుటలేదు. పట్టుకొనియే ఉన్నది. మరి పిల్ల ఎట్లు జారినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు మేము నేర్చుకొన్న సంగతులే ఈ వ్యాసము.

ఒడి లెక్క

బండి గట్టిగా బ్రేకు వేసినంత మాత్రాననే, ఒడిలోని బిడ్డను ముందుకు ఈడ్చు బలము ఇంచుమించు ఆ బిడ్డ బరువంత ఉండును. కునుకుపాటుననున్న అవ్వ చేతులనుండి పన్నెండు కిలోల బిడ్డ జారుటకు అది చాలును. ఇక బండి నిజముగా దేనినైనను గుద్దినచో లెక్క వేరు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు గోడను గుద్దినదనుకొందము. ముందుభాగము నలిగి అరవై సెంటీమీటర్లలో ఆగిపోయినదనుకొందము. అప్పుడు లోనివారిమీద పడు బలము వారి బరువునకు సుమారు పదహారు రెట్లు. పన్నెండు కిలోల బిడ్డ ఆ క్షణమున రెండు క్వింటాళ్ల బరువై ముందుకు పోవును. అనగా ఇరవై అయిదు కిలోల బియ్యపుబస్తాలు ఎనిమిది. వస్తాదు కూడ వానిని ఆపలేడు. మా అమ్మగారి మాట చెప్పనేల?

మరొక విధముగా చెప్పుదుము. 50 కిలోమీటర్ల వేగమున గుద్దుకొనుట సుమారు పది మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడమీదినుండి పడుటతో సమానము. 80 కిలోమీటర్లయినచో అది ఇరవై అయిదు మీటర్లగును. మేడమీద పిట్టగోడపై బిడ్డను కూర్చుండబెట్టి "నేను పట్టుకొన్నాను లెండి" అని ఎవరైన అన్నచో మనము ఊరకుందుమా? కారులో మాత్రము ఊరకున్నాము.

ఒడిలోని బిడ్డకు, పెద్దవారికి కలిపి ఒకే బెల్టు చుట్టుట ఇంకను ప్రమాదము. గుద్దినప్పుడు పెద్దవారి బరువంతయు బెల్టుకు తమకు నడుమ చిక్కిన బిడ్డమీద పడును. బెల్టు లేని పెద్దవారు ముందుసీటులో బిడ్డనుంచుకొన్నను అంతే.

ఈ లెక్క కాగితముమీద వేసి మా అమ్మగారికి చూపినాము. చాలసేపు చూచి, "అయితే నా చేతుల తప్పు కాదన్నమాట" అన్నది. కాదు. తప్పు ఆమె చేతులది కాదు. ఆ చేతులకు ఆ పని అప్పగించిన మాది.

బండి లెక్క

ప్రతి కారుకు రెండు బరువులున్నవి. ఒకటి ఖాళీ బరువు. ఇది రిజిస్ట్రేషను పత్రములో ఉండును. రెండవది మనుష్యులు, సామాను అంతయు కలిపి మించరాని మొత్తపు బరువు. ఇది కారుతో వచ్చిన పుస్తకములో దొరకును. మొదటిదానిని రెండవదానినుండి తీసివేయగా మిగిలినదే మనము ఎక్కించదగిన బరువు. ఉదాహరణకు మొత్తపు బరువు 1,350 కిలోలు, ఖాళీ బరువు 900 కిలోలు అనుకొందము. మిగిలినది 450. మనిషికి 65 చొప్పున ఆరుగురు పెద్దలు 390, ముగ్గురు పిల్లలు 60, పెట్టెలు, బుట్టలు, జాడీలు 90 – మొత్తము 540. అట్టి కారులో మేమెక్కినచో తొంబై కిలోలు ఎక్కువ. గ్యాసు సిలిండరు తరువాత అమర్చుకొన్న బండియైనచో ఆ బరువును ఇందులోనే పోవును. పైకప్పుమీద కట్టు సామానుకు వేరుగ హద్దు ఉన్నది. పుస్తకము చూడక కట్టరాదు. పైన బరువు పెరిగినకొలది మలుపులలో బండి ఒరుగుట ఎక్కువ.

బరువెక్కువైనచో ఏమగును? ఆపవలసిన శక్తి పెరిగి బ్రేకులు వేడెక్కును. ఘాటు దిగునప్పుడు ఇది మరింత తెలియును. వెనుకభాగము క్రుంగి దీపముల వెలుగు పైకి లేచి ఎదుటివాని కండ్లలో పడును. అన్నిటికంటె ముఖ్యము టైర్లు. టైరు ప్రక్కన 185/65 ఆర్ 15 88 అను రీతిగా అంకెలుండును. చివరి 88 అనగా ఆ టైరు 560 కిలోల వరకు మోయునని గుర్తు. అయితే తగినంత గాలి ఉన్నప్పుడే ఆ మోత. గాలి తక్కువై, బరువు ఎక్కువై, ఎండలో వేగముగ గంటలకొలది పోయినచో టైరు వేడెక్కి పగులును. ఎంత గాలి ఉండవలెనో డ్రైవరు తలుపు అంచున అంటించిన చీటీలో చూడవచ్చును. సాధారణముగ రెండు లెక్కలుండును – కొద్దిమందికి ఒకటి, నిండుబండికి ఒకటి. పండుగ ప్రయాణమునకు రెండవది చూచి, టైర్లు చల్లగానున్నప్పుడే గాలి పట్టించుకొనవలెను. రెండు నిముషముల పని.

బరువైన సామాను డిక్కీ అడుగున, సీటుకు ఆనించి పెట్టవలెను. వెనుక అరమీద ఏమియు ఉంచరాదు. పైన చెప్పిన పదహారు రెట్ల లెక్క జాడీకిని వర్తించును. అయిదు కిలోల ఆవకాయ ఎనభై కిలోల రాయియగును.

బిడ్డకు వేరు సీటు

మనము నేడు వాడు మూడుచోట్ల బిగించు బెల్టును 1959లో స్వీడను దేశపు ఓల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలీన్ రూపొందించెను. ఆ దేశమువాడే బెర్టిల్ ఆల్డ్‌మన్ అను ఆచార్యుడు, వ్యోమగాములు వీపు ఆనించి పడుకొను సీట్లను చూచి, బిడ్డలను వెనుకకు తిరిగి కూర్చుండబెట్టు సీటును 1964లో తయారుచేసెను. అమెరికాలో పిల్లల సీటు తప్పనిసరి యను చట్టము మొదట 1978లో టెన్నెసీ రాష్ట్రమున అమలైనది. దానికై పాటుపడినవాడు రాబర్ట్ సాండర్స్ అను పిల్లల డాక్టరు.

పసిబిడ్డను వెనుకకు ఎందుకు త్రిప్పవలెను? పుట్టిన బిడ్డ పొడవులో తలయే నాలుగవవంతు. మెడ లేత. ముందుకు చూచి కూర్చున్నచో ఆ బరువైన తలను ఆ లేత మెడయే ఆపవలెను. వెనుకకు తిరిగినచో వీపు, మెడ, తల ఒక్కసారిగా సీటులోనికి అణగును. ఐరోపాలోని కొత్త నిబంధన ప్రకారము కనీసము పదిహేను నెలల వరకు ఇట్లే ఉంచవలెను; సీటు కొలత అనుమతించినంత కాలము ఉంచుట మేలు. ఎయిర్ బ్యాగు పనిచేయుచున్న ముందుసీటులో మాత్రము ఇట్టి సీటును ఎన్నడును పెట్టరాదు. అది విచ్చుకొను వేగమునకు బిడ్డ తట్టుకొనలేదు.

కొంచెము ఎదిగినపిదప ముందుకు చూచు సీటు, ఆ తరువాత ఎత్తుపీట వంటి బూస్టరు. బెల్టు భుజము నడుమనుండి పోవలెను, మెడకు తగులరాదు. క్రిందిభాగము పొట్టమీద గాక తుంటి ఎముకలమీద ఉండవలెను. సుమారు నాలుగున్నర, అయిదడుగుల ఎత్తు వచ్చువరకు పెద్దల బెల్టు పిల్లలకు ఇట్లు అమరదు.

సీటును బండికి బిగించుటకు ఐసోఫిక్స్ అను ఇనుపకొక్కెములు ఇప్పటి చాలా కార్లలో ఉన్నవి. వీనికిని బరువు హద్దున్నదని మనలో చాలమందికి తెలియదు. ఐరోపా నిబంధనలో బిడ్డ, సీటు కలిపి 33 కిలోలు. అమెరికాలో కలిపి 65 పౌన్లు, అనగా ఇంచుమించు ఇరవైతొమ్మిదిన్నర కిలోలు. సీటే పన్నెండు కిలోలైనచో ఐరోపా లెక్కన బిడ్డకు మిగిలినది ఇరవైయొక్కటే. అది దాటినపిదప సీటు పుస్తకములో చెప్పినట్లు బెల్టుతో బిగించుకొనవలెను.

మన యిండ్లలో ఉయ్యాల తరతరములకు అందును. అక్క బిడ్డ ఊగిన దానిలోనే చెల్లెలి బిడ్డయు ఊగును. ఈ సీటు అట్టిది కాదు. ఒకసారి గట్టి ప్రమాదమును చూచిన సీటును మరొకరికి ఇయ్యరాదు. పైకి బాగుగనున్నను లోపల బీట ఉండవచ్చును. ప్లాస్టికు కాలక్రమమున పెళుసగును, గనుక తయారైన తేదీయు చూడవలెను.

చట్టము – మొహమాటము

2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, పదునాలుగేండ్లు నిండని బిడ్డకు బెల్టు గాని పిల్లల సీటు గాని లేకుండ బండి నడిపినచో వెయ్యి రూపాయలు జరిమానా. బాడుగ బండ్లలో అనుమతికి మించి ఎక్కించుకొన్నచో తలకు రెండువందలు. స్కూటరుమీద తొమ్మిది నెలలనుండి నాలుగేండ్ల వరకుగల పిల్లలకు హెల్మెటు, నడపువారికి కట్టు పట్టీ ఉండవలెనని, వేగము నలభైకి మించరాదని 2022లో నిబంధన వచ్చి, మరుసటి యేడు అమలైనది. 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్షలో కార్లకు పెద్దల రక్షణకు వేరుగ, పిల్లల రక్షణకు వేరుగ నక్షత్రములు ఇచ్చుచున్నారు. కారు కొనువారు రంగుతో పాటు ఆ రెండవ అంకెయు అడుగుట మంచిది.

వెనుకసీటు వారికి బెల్టెందుకను మాట ఇంకను వినబడుచున్నది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో సైరస్ మిస్త్రీగారు మరణించినది వెనుకసీటులో కూర్చుండియే. బెల్టు వేసికొనలేదని పోలీసులు చెప్పిరి. ఖరీదైన కారు ఆ లోటును తీర్చలేకపోయినది. ఆ యేడు మన దేశములో రోడ్డు ప్రమాదములందు మరణించినవారు 1,68,491 మంది.

ఇన్ని తెలిసినను మనలను ఆపునది డబ్బుకన్న మొహమాటము. అమెరికాలో సీటు లేకుండ బిడ్డను ఆసుపత్రినుండి ఇంటికైనను తీసికొనిపోని మన పిల్లలే, ఇక్కడ విమానము దిగగానే ఆ బిడ్డను అవ్వ ఒడిలో పెట్టుచున్నారు. అవ్వ మనసు కష్టపెట్టరాదని. సీటులో కట్టివేసిన బిడ్డ ఏడ్చును, చుట్టములు "పాపం, తీయండి" అందురు, మనము తీసివేయుదుము. మొదటి నాలుగు ప్రయాణములు ఓర్చుకొన్నచో బిడ్డ అలవాటు పడును. చుట్టములకు పట్టు కాలము కొంచెము ఎక్కువ.

మా యింట ఇప్పుడొక కట్టుబాటు. పండుగకు నెల ముందే ఎవరెవరు వచ్చుచున్నారో లెక్కించి, కారులో సీట్లెన్నో అందరికే చోటు చెప్పి, మిగిలినవారికి రైలు టిక్కెట్లు ముందుగనే కొనుచున్నాము. మొదటి యేడు మా పినతల్లిగారికి కోపము వచ్చినది. "నన్ను రైలెక్కించి మీరు కారులో పోతారా?" అన్నది. రెండవ యేడు మేమే రైలెక్కి, ఆమెను కారులో పంపినాము. అంతటితో కోపము తీరినది.

మా అమ్మగారు ఇప్పుడు వెనుకసీటులో, మనుమరాలి ప్రక్కన కూర్చుండును. తన బెల్టు తాను పెట్టుకొని, పిల్ల పట్టీ క్రిందికి వ్రేలు దూర్చి, వదులుగ ఉన్నచో బిగించి, "ఇక పోనీయరా" అన్న పిదపనే మా బండి కదలును. దారి పొడవునను పిల్ల చేయి ఆమె చేతిలోనే ఉండును. ఈ పండుగకు బయలుదేరు మన కుటుంబములన్నియు ఇట్లే లెక్క చూచుకొని, చల్లగా పోయి చల్లగా రావలెనని మా కోరిక.