నాలుగో మూల ఎందుకు ఖాళీ?

"సార్, ఫోన్ తలకిందులు పట్టినా స్కానర్ ఎట్ల చదువుతది?" పదో తరగతిలో సరూప త్రిభుజాలు చెబుతుంటే వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. పాఠానికి సంబంధం లేదనుకుని మిగతా పిల్లలు నవ్వారు. నిజానికి జవాబు ఆ పాఠంలోనే ఉంది.

పటాన్‌చెరులో టీ బండి దగ్గర, పాశమైలారం కంపెనీ గేట్ల ముందున్న కిరాణా కొట్లలో, సంగారెడ్డి బస్టాండు పక్క పూల బుట్ట మీద మనం రోజూ చూసే క్యూఆర్ కోడ్ డబ్బు కోసం పుట్టింది కాదు, కార్ల విడిభాగాల పెట్టెల కోసం పుట్టింది. జపాన్‌లో టయోటాకు భాగాలు చేసే డెన్సో కంపెనీలో ఒక్కో పెట్టె మీద పదేసి బార్‌కోడ్‌లు అంటించేవారు. ఒక బార్‌కోడ్‌లో పట్టేది ఇరవై అక్షరాలే మరి! కూలీలు రోజుకు వెయ్యి దాకా స్కాన్ చేసి విసిగిపోయేవారు. పైగా నూనె మరకలు. దీనికి దారి చూడమని అప్పగిస్తే మసాహిరో హారా అనే ఇంజనీరు ఇద్దరే మనుషులున్న జట్టుతో 1994లో కొత్త కోడ్‌ను బయటపెట్టాడు. అడ్డంగానూ నిలువుగానూ సమాచారం నింపితే ఏడు వేలకు పైగా అంకెలు పడతాయి.

అలా నింపాలన్న ఆలోచన అప్పటికే అమెరికాలో ఉంది. డేటా మ్యాట్రిక్స్, పీడీఎఫ్417 అనే కోడ్‌లు వచ్చేశాయి. వాళ్లు తక్కువ చోటులో ఎక్కువ సమాచారం ఇరికించడం మీద మనసు పెట్టారు. హారా పట్టుదలంతా వేగం మీద. కోడ్‌లో రాసింది చదవడం యంత్రానికి పెద్ద పని కాదు. లేబుళ్లు, అక్షరాలు, గీతలు కిక్కిరిసిన పెట్టె మీద అసలు కోడ్ ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే ఆలస్యం. అక్కడ తట్టిందే కోడ్ మూలల్లోని మూడు చదరాలు. నాకు ఈ కోడ్ మొత్తంలో ముచ్చటైన భాగం అదే.

ఆ చదరాన్ని దగ్గరగా చూడండి. ఏడు గళ్ల వెడల్పున్న నల్ల చదరం, దాని లోపల అయిదు గళ్ల తెల్ల చదరం, అందులో మూడు గళ్ల నల్ల చదరం. మధ్యగా ఒక గీత గీస్తే నలుపు ఒకటి, తెలుపు ఒకటి, నలుపు మూడు, తెలుపు ఒకటి, నలుపు ఒకటి. అంటే 1:1:3:1:1. ఇప్పుడా గీతను కేంద్రం మీదుగానే ఏటవాలుగా తిప్పండి. మూడు చదరాలకూ కేంద్రం ఒకటే, ఆకారమూ ఒకటే కాబట్టి మూడింటిలోనూ గీత ఒకే వంతున పొడుగవుతుంది. నిష్పత్తి చెక్కు చెదరదు. ఏ కోణంలో కోసినా 1:1:3:1:1. సరూపత అంటే ఇదే కదా! ఫోన్ బొమ్మను తిప్పి సరిచేసుకోనక్కర్లేదు. వరుస వెంట నలుపు తెలుపుల పొడవులు కొలుచుకుంటూ పోయి, ఈ నిష్పత్తి తగలగానే ఆగి, నిలువునా ఒకసారి సరిచూసుకుంటే చాలు. దగ్గర నుంచి చూసినా దూరం నుంచి చూసినా తేడా లేదు, కొలిచేది నిష్పత్తినే గనక.

ఈ నిష్పత్తినే ఎందుకు ఎంచుకున్నారు? కరపత్రాలు, పత్రికలు, అట్టపెట్టెలు ముందేసుకుని, వాటి మీది అక్షరాల్లో, బొమ్మల్లో నలుపు తెలుపుల వరుసలు కొలిచి, అన్నిటికన్నా అరుదుగా వచ్చేదాన్ని ఏరుకున్నారు. అంతటితో వదల్లేదు. లోపలి సమాచారంలోనే ఆ వరుస పొరపాటున పడితే? అందుకని ప్రతి కోడ్‌కూ నలుపు తెలుపులు తారుమారు చేసే ఎనిమిది ముసుగులు వేసి చూస్తారు. ఈ వరుస కనబడ్డ ప్రతిచోటా 40 పాయింట్ల జరిమానా. ఇలాంటి లెక్కలన్నీ వేసి తక్కువ జరిమానా పడ్డ ముసుగును ఖాయం చేస్తారు.

ఇక నాలుగో మూల. నాలుగు చోట్లా చదరాలు పెడితే తల ఏదో కాళ్లేవో తెలియదు. ఒకటి లేదు కాబట్టే ఆ లేని మూల కుడివైపు కింద అని ఫోన్ ఇట్టే పోల్చుకుంటుంది.

నూనె మరకల బెడదకు మందు అమెరికన్లు ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ 1960లోనే రాసిపెట్టారు. రెండు సంఖ్యలు పంపాలనుకోండి. వాటితో ఒక సరళరేఖ గీసి, దాని మీద నాలుగు బిందువులు పంపండి. దారిలో ఒకటి చెడినా మిగతా మూడూ ఒకే గీత మీద ఉంటాయి, చెడ్డది పక్కకు తొలగి దొరికిపోతుంది. క్యూఆర్‌లో సరళరేఖకు బదులు ఇంకా పెద్ద సమీకరణాలు. వాయేజర్ నౌక పంపిన ఫొటోలకూ, సీడీల మీది గీతలకూ ఇదే వైద్యం. క్యూఆర్‌లో దీనికి నాలుగు స్థాయిలున్నాయి: దాదాపు 7, 15, 25, 30 శాతం చెడినా మొత్తం తిరిగి వస్తుంది. చెల్లింపు స్టిక్కర్ నడిమధ్య కంపెనీ బొమ్మ దర్జాగా కూర్చునేది ఈ ధీమాతోనే. యంత్రానికి అది బొమ్మ కాదు, మరకే. అయితే మూల చదరాలకు ఈ రక్ష లేదు. నడుమ గీరుకుపోయిన స్టిక్కర్ పనిచేస్తుంది, మూల చిరిగినది చాలాసార్లు మొరాయిస్తుంది.

డెన్సో పేటెంటు తీసుకుంది గానీ ఎవరినీ రుసుము అడగలేదు. లేకుంటే పూల బుట్ట దాకా వచ్చేది కాదేమో. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. తర్వాత కథ మీకు తెలిసిందే. ఒక్క మాట మాత్రం చెప్పాలి. బండికి అంటించిన స్టిక్కర్‌లో ఉన్నది దుకాణదారు యూపీఐ చిరునామా మాత్రమే. డబ్బు పడిందో లేదో దానికి తెలియదు. ఆ కబురు బ్యాంకు వైపు నుంచి రావాలి. సౌండ్ బాక్స్ అరిచేది అందుకే.

డేటా మ్యాట్రిక్స్ ఓడిపోయిందనుకోకండి. గోరంత చిప్పుల మీద, చిన్న మందు పెట్టెల మీద ఇప్పటికీ దానిదే పైచేయి. మన దేశంలో 2023 ఆగస్టు నుంచి 300 మందుల బ్రాండ్లకు బార్‌కోడో క్యూఆరో తప్పనిసరి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీదారు పేరు అందులో ఉండాలి. అంతకన్నా ముందే, ఆ ఏడాది జనవరి నుంచి, పటాన్‌చెరు, బొల్లారం వైపు తయారయ్యే రకం బల్క్ డ్రగ్స్ (మందుల ముడిసరుకు) ప్యాకింగుకు క్యూఆర్ కోడ్ ఉండాలన్న నిబంధన వచ్చింది. మందు డ్రమ్ముల లేబుల్ మీదా అవే మూడు చదరాలు, అదే 1:1:3:1:1.