తలుపు రంగుపై ముడతలు.. కల్తీయేనా?
తొందరపడి రెండో పూత వేయడమే తరచూ అసలు కారణం

పండుగకో, పెళ్లికో ఇంటికి రంగులు వేయిస్తారు. నిన్నటి వరకు అద్దంలా మెరిసిన తలుపు రెండో పూత పడగానే ముసలి చర్మంలా ముడతలు దేరుతుంది. రంగు కల్తీదని యజమాని దుకాణదారుపై విరుచుకుపడతాడు. పనితనం బాగోలేదని పెయింటరు కూలిలో కోత పెడతాడు. నిజానికి చాలా సందర్భాల్లో తప్పు సరుకుది కాదు, తొందరది.

ఇలా జరుగుతుంది..

ఎనామిల్ రంగు ఆరడమంటే అందులోని టర్పెంటైను ఆవిరి కావడం మాత్రమే కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి, రంగులోని నూనె అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి పాలిమర్ పొరగా గట్టిపడాలి. ఈ ప్రక్రియ పైనుంచి లోపలికి సాగుతుంది. అందుచేత చేతికి అంటకపోయినా లోపల పచ్చిదనం మిగిలే ఉంటుంది. ఆ దశలో రెండో పూత వేస్తే అందులోని ద్రావణి కింది పొరలోకి ఇంకుతుంది. నానిన శనగల్లా పొర ఉబ్బుతుంది. అయితే అడుగుభాగం చెక్కకు అతుక్కుని ఉన్నందున పక్కలకు విస్తరించే వీలు లేదు. రెండు చివరల నుంచి నెట్టిన జంపఖానా మధ్యలో లేచినట్లు, ఒత్తిడికి తాళలేక పొర పైకి లేచి ముడతలు పడుతుంది. పొర మందంగా ఉంటే ముడతల మధ్య దూరమూ ఎక్కువే.

శాస్త్రవేత్తల దృష్టిలో..

ఇది ఒక్క రంగులకే పరిమితం కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన తొయొఇచి తనాకా బృందం, నీటిలో ఉబ్బే జెల్‌పై ఏర్పడే గళ్లను 1987లో 'నేచర్' పత్రికలో వివరించింది. బయటి భాగం ఉబ్బుతుండగా లోపలి భాగం పట్టి ఉంచడమే అందుకు మూలం. టైపురైటర్లు, కొలత పరికరాల పెట్టెలపై కనిపించే గరుకు ముడతల రంగు కూడా కావాలని రప్పించినదే.

జాగ్రత్తలివి..

* ఒకే మందపు పూతకు బదులు రెండు పలుచని పూతలు వేయాలి.
* డబ్బాపై ముద్రించిన వ్యవధి పూర్తయ్యాకే రెండో పూత వేయాలి. ముసురు రోజుల్లో మరికొంత ఆగాలి.
* డబ్బాపై సూచించిన ద్రావణినే కలపాలి. ఘాటైన థిన్నరు కింది పొరను త్వరగా ఉబ్బిస్తుంది.
* మండుటెండలో వేయరాదు. పైభాగం ముందే తెట్టు కట్టి, ఒక్క పూతకే ముడతలు రావచ్చు.
* ముడతలు పడితే వాటిపైనే మళ్లీ వేయరాదు. పూర్తిగా ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో నునుపు చేశాకే వేయాలి.

కూలిలో కోత పెట్టే ముందు యజమాని ఒక్క ప్రశ్న వేసుకోవాలి. రెండో పూతకు గడువిచ్చామా, లేక ముహూర్తం ముంచుకొస్తోందని తొందరపెట్టామా?