ర్యాంకు వచ్చినా సీటు చేజారుతున్నది: ఇంజనీరింగు ఆప్షన్ల వద్ద పల్లె విద్యార్థుల తికమక

సిద్దిపేట (మా గ్రామీణ విలేకరి):

వానాకాలం నాట్లు మొదలయ్యే రోజులకే ఇంజనీరింగు కౌన్సెలింగు కూడా వచ్చి పడుతుంది. తండ్రి నారుమడి దగ్గర, కొడుకు నెట్ సెంటరు దగ్గర. ఇంటర్మీడియెట్ రెండేండ్లు కష్టపడి, ఎంట్రన్సు రాసి తెచ్చుకున్న ర్యాంకు ఎందుకు పనికివస్తుందో తేలేది ఆ కొద్ది రోజుల్లోనే. అంతటి పనిని మన దిక్కు అనేక కుటుంబాలు నెట్ సెంటరు యజమాని చేతికో, కళాశాలల తరఫున ఊళ్లు తిరిగే మధ్యవర్తుల చేతికో వదిలివేస్తున్నవి. ర్యాంకు మంచిదే వచ్చి, సీటు మాత్రం కోరని చోట పడటానికి ముఖ్య కారణం ఇదేనని చెప్పక తప్పదు.

పూర్వం కౌన్సెలింగు అంటే అభ్యర్థి స్వయంగా హాలులోకి పోయి, ఖాళీల పట్టిక చూసి, అధికారి ముందే కళాశాల కోరుకునేవాడు. ఇప్పుడు ఎవరి ఎదుటా కూర్చునే పని లేదు. తనకు కావలసిన కళాశాలలు, కోర్సులు వరుసగా కంప్యూటరులో నమోదు చేసి పంపాలి. వీటినే ఆప్షన్లు అంటున్నారు. ఆ వరుసను చదివి కంప్యూటరే సీటు ఇస్తుంది. అడిగేందుకు అక్కడ మనిషి లేడు కనుక, నమోదులో తప్పు జరిగితే దిద్దేవాడూ లేడు.

పరీక్ష పేరు కూడా మారింది. మన పెద్దలు ఎంసెట్ అని పిలిచేదే 2024 నుండి టీజీ ఈఏపీసెట్ అయింది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2015 నుండి మనకు వేరుగా జరుగుతున్నది. వైద్య సీట్లు నీట్ పరీక్షకు పోయినవి గనుక ఇది ఇప్పుడు ముఖ్యంగా ఇంజనీరింగు, వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు. ఇంతకు ముందు ఇంటర్ మార్కులకు ర్యాంకులో 25 శాతం వెయిటేజీ వుండేది. 2023లో దాన్ని ఎత్తివేశారు. కనుక ఇంటర్ మార్కులు ఎక్కువ వున్నాయన్న ధీమా ర్యాంకుకు పనికిరాదు. అయితే గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషను వర్గాల వారైతే 40 శాతం మార్కులు లేనిదే ఎంత ర్యాంకు వచ్చినా సీటు లేదు.

ఇక వరుస సంగతి. దీన్ని కాస్త నిదానంగా చూడవలసి వున్నది.

యూరియా కోసం సొసైటీ ముందు నిలబడటం మన రైతులకు కొత్త కాదు. ముందు వచ్చినవాడు ముందు నిలబడతాడు. ఇక్కడ ఆ వరుస ర్యాంకును బట్టి వుంటుంది. మీ అబ్బాయి వంతు వచ్చినప్పుడు కంప్యూటరు అతని చిట్టీ తీసి మొదటి నంబరు చూస్తుంది. ఆ సీటు అప్పటికి మిగిలి వుంటే ఇచ్చేస్తుంది. లేకపోతే రెండవది, అదీ లేకపోతే మూడవది. ఎక్కడ దొరికితే అక్కడ ఆగిపోతుంది, దాని కింద రాసినవి ఇక చూడదు. రిజర్వేషను, ఆడపిల్లల కోటా వంటివన్నీ ఈ లెక్కలోనే కలిసి వుంటాయి. ప్రతి వర్గంలోనూ మూడింట ఒక వంతు సీట్లు ఆడపిల్లలకు వున్నవన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అబ్బాయికి దొరకని చోట అదే ర్యాంకుకు అమ్మాయికి సీటు దొరకవచ్చును.

ఈ పద్ధతి తెలియకపోవడం వల్ల రెండు భయాలు పుట్టాయి. పెద్ద కళాశాల పేరు మొదట రాస్తే అది రాకపోగా చిన్నది కూడా చేజారుతుందన్నది మొదటిది. ఇది పూర్తిగా అపోహ. రాని కళాశాలను మొదట రాసినందువల్ల నష్టం ఏమీ లేదు, కంప్యూటరు దాన్ని దాటి కిందికి దిగుతుంది. అందువల్ల వచ్చే అవకాశం వున్నదా లేదా అని కాక, నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో ఆ వరుసలోనే రాయాలి. పదీ పదిహేను రాస్తే చాలు, ఎక్కువ రాస్తే గందరగోళమన్నది రెండవది. ఇది మరీ ప్రమాదం. పదిహేనూ నిండిపోతే ఆ విడతలో సీటే రాదు. తగిన కళాశాలలన్నీ, ఒక్కొక్క దానిలో తగిన కోర్సులన్నీ వేరువేరుగా రాసుకుంటూ పోతే వందకు పైగా కావడం వింత కాదు.

అయితే ఒక్క హెచ్చరిక. చేరడం ఇష్టంలేని కళాశాలను సంఖ్య కోసం రాయరాదు. రాసినది వస్తే వచ్చినట్టే.

దుబ్బాక దిక్కు నుండి వచ్చిన ఒక రైతు సిద్దిపేటలో కలిసినప్పుడు చెప్పిన మాట వినదగినది. నెట్ సెంటరు కుర్రవాడు "కాకా, నువ్వు పోయి చాయ తాగి రా, నేను నింపుత" అన్నాడట. తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. "నాకేం ఎరుక సారూ, వాళ్లే నింపిన్రు. పిలగాని పేరు వచ్చింది గద అని సంతోషపడ్డం. తీరా చూస్తే మేము వినని కాలేజి" అన్నాడాయన. మొదటి నంబరులో ఎవరు ఏది రాశారో ఆయనకు నేటికీ తెలియదు. ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు కూడా ఆయనది కాదు, సెంటరు వారిది. పాస్‌వర్డు ఎవరి చేతిలో వుంటే సీటు వారి చేతిలో వున్నట్టే. కనుక ఫోన్ నంబరు ఇంటిదే ఇవ్వాలి, ఓటీపీ ఎవరికీ చెప్పరాదు, ఆప్షన్లు పూర్తయిన తరువాత ఆ పత్రం అచ్చు తీయించి ఇంటికి తెచ్చుకోవాలి. నెట్ సెంటర్ల వారందరూ ఇట్లా చేస్తారని కాదు, ఓపికగా కూర్చుని చూపించేవారూ వున్నారు.

మంచి పద్ధతి ఏమిటంటే కంప్యూటరు దగ్గరికి పోకముందే ఇంటి దగ్గర నోటు పుస్తకంలో వరుస రాసుకోవడం. కిందటి ఏడాది ఏ కళాశాలలో ఏ కోర్సు ఏ ర్యాంకు దాకా పోయిందో చూపే పట్టిక ప్రభుత్వమే విడుదల చేస్తుంది. తమ కులం, ఆడ మగ కాలమ్ చూసుకుని, తమ ర్యాంకుకు కొంచెం పైనవి, సరిగా అందేవి, కచ్చితంగా దొరికేవి అన్నీ రాసుకోవాలి. కళాశాలకు నాలుగు అక్షరాల కోడ్ వుంటుంది. ఒకే రకం పేరుతో రెండు మూడు కళాశాలలు వుంటాయి కనుక పేరు కాక కోడ్ రాసుకోవడమే క్షేమం. కోర్సు కోడ్‌లోనూ జాగ్రత్త అవసరం. సీఎస్ఈ అంటే కంప్యూటర్ సైన్సు, సీఎస్ఎం అంటే అందులోనే కృత్రిమ మేధ, సీఎస్డీ అంటే డేటా సైన్సు. ఒక్క అక్షరంతో కోర్సే మారుతుంది.

2025లో మాక్ అలాట్‌మెంటు అనే ఉత్తుత్తి కేటాయింపు కూడా ప్రవేశపెట్టారు. ఇచ్చిన వరుస ప్రకారం ఏ సీటు రావచ్చునో ముందుగా చూపి, మార్చుకునేందుకు గడువు ఇచ్చారు. ఇటువంటి అవకాశం ఇచ్చినప్పుడు తప్పక చూసుకోవాలి. ఇష్టంలేనిది కనబడితే వరుస దిద్దుకోవాలి. అక్కడ కనిపించినదే చివరకు వస్తుందన్న పూచీ మాత్రం లేదు. ఇతరులు కూడా తమ వరుసలు మార్చుకుంటారు మరి.

రెండవ విడత దగ్గర మోసపోయేవారు ఇంకా ఎక్కువ. మొదటి విడతలో వచ్చిన సీటు నచ్చితే రెండవ విడతలో ఆప్షన్లు ఇవ్వనే అక్కరలేదు. ఇంకా మంచిది కావాలంటే, ఇప్పుడున్న దానికంటే మెరుగైనవి మాత్రమే రాయాలి. ఎందుకంటే కొత్తది వచ్చిన క్షణమే పాతది రద్దయి వేరొకరికి పోతుంది, మళ్లీ వెనక్కి రాదు. మొదటి విడతలో రాసిన పాత వరుస రెండవ విడతకు పనికిరాదు, మళ్లీ కొత్తగా రాయాలి. సీటు వచ్చిన తరువాత గడువులోగా చూపిన ఫీజు కట్టి, సెల్ఫ్ రిపోర్టింగు చేయకపోతే సీటు రద్దు. పూర్తి ఫీజు మాఫీ వున్నవారు కూడా కొంత పూచీ సొమ్ము కట్టవలసి రావచ్చును. "మాకు ఫ్రీ సీటు కదా" అని ఇంట్లో కూర్చుని పోగొట్టుకోరాదు.

ఇప్పుడు పైసల లెక్క. అసలు బాధంతా ఇక్కడనే వున్నది.

ఫీజు రీయింబర్సుమెంటు 2008 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చినప్పటి నుండి ఫీజంతా సర్కారే కడుతుందన్న నమ్మకం పల్లెల్లో స్థిరపడింది. అది అందరికీ నిజం కాదు. అర్హులైన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీల్లో పది వేల లోపు ర్యాంకు వారికి పూర్తిగా, మిగిలినవారికి ఏడాదికి 35 వేల వరకే. 2022లో ఖరారు చేసిన ఫీజుల్లో తక్కువలో తక్కువ 45 వేలు కాగా, హైదరాబాదులోని పేరున్న కళాశాలల్లో లక్షన్నర దాటింది. లక్ష రూపాయల ఫీజు గల కళాశాలలో ఇరవై వేల ర్యాంకు బీసీ విద్యార్థి చేరితే తండ్రి కట్టవలసినది ఏడాదికి 65 వేలు, నాలుగేండ్లకు 2 లక్షల 60 వేలు. హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజులు దీనికి అదనం. కనుక నోటు పుస్తకంలో ప్రతి కళాశాల ఎదుట దాని ఫీజు, అందులో 35 వేలు పోను మిగిలేది రాసుకున్న తరువాతే వరుస నిర్ణయించాలి. ఆదాయ పరిమితి బీసీ, ఈబీసీలకు గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు, ఎస్సీ, ఎస్టీలకు రెండు లక్షలు.

సర్కారు సొమ్ము సకాలంలో రాదన్నది మరో చిక్కు. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బందు పాటించిన సంగతి పాఠకులకు గుర్తుండే వుంటుంది. బకాయి రాలేదని కొన్నిచోట్ల విద్యార్థులనే కట్టమంటున్నారు, చదువు ముగిసినా సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు. చేరేముందే ఆ కళాశాలలో చదువుతున్న మన ఊరి పిల్లలను ఈ విషయం అడగడం మేలు.

మేనేజిమెంటు కోటా సీటుకు రీయింబర్సుమెంటు వుండదు. ప్రైవేటు కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనరు ద్వారా, 30 శాతం యాజమాన్యం ద్వారా నింపుతారు. స్పాట్ అడ్మిషన్ల వారికి కూడా రీయింబర్సుమెంటు లేదు. కౌన్సెలింగు మొదలుకాకముందే ఇంటికి వచ్చి "ఇప్పుడే సీటు బుక్ చేసుకోండి, తరువాత దొరకదు" అనేవారి మాటలు నమ్మి అరెకరమో, గుంటలో అమ్మేవారు ఒక్క విడత ఆగి చూస్తే అదే కళాశాలలో కన్వీనరు సీటు దొరికినా దొరకవచ్చును. పదవ తరగతి, ఇంటర్ అసలు మెమోలు అటువంటి వారి చేతికి ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వరాదు. అవి వారి దగ్గర వుంటే విద్యార్థి మరోచోట చేరలేడు.

ప్రభుత్వ కళాశాలలను మన పిల్లలు వెనక రాస్తున్నారు, ఎందుకో తెలియదు. 1929లో మొదలైన ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల, కూకట్‌పల్లి జేఎన్‌టీయూ పెద్ద ర్యాంకుల వారికే కావచ్చు. కాని ఉమ్మడి మెదక్‌లో సుల్తాన్‌పూర్, పక్కన సిరిసిల్ల, కాస్త దూరంలో జగిత్యాల, మంథని జేఎన్‌టీయూ కళాశాలలు వున్నవి. 2025లో మన జిల్లా హుస్నాబాద్‌లోనే శాతవాహన విశ్వవిద్యాలయం కింద ఇంజనీరింగు కళాశాల మంజూరైంది. కొత్త కళాశాలలో వసతులు కుదురుకోవడానికి సమయం పట్టవచ్చు గాని, ఇంటికి దగ్గర కావడం చిన్న విషయం కాదు. విశ్వవిద్యాలయ కళాశాలల్లోనూ సెల్ఫ్ ఫైనాన్సు కోర్సులు వుంటాయి, వాటి ఫీజు వేరు. అది చూసుకోవాలి.

కోర్సు విషయంలో ఊరంతా కంప్యూటరు సైన్సు వెంటనే పోతున్నది. అధ్యాపకులు లేని కళాశాలలో కంప్యూటరు సైన్సు కంటే మంచి కళాశాలలో ఎలక్ట్రికల్ గాని, సివిల్ గాని చదవడం మెరుగని ఈ విలేకరి అభిప్రాయం. రాష్ట్రంలో ఇంజనీరు ఉద్యోగాలకు నోటిఫికేషన్లు పడినప్పుడు నీటిపారుదల, రోడ్లు, విద్యుత్తు శాఖలు అడిగేది ఆ కోర్సులనే. ఇష్టం లేనివారిని బలవంత పెట్టమని మాత్రం కాదు.

కాగితాల సంగతి త్వరగా చెప్పుకుందాం. ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాది జనవరి 1 తరువాత తీసుకున్నది కావాలి. జూన్‌లో మీ సేవ కేంద్రాల ముందు గుంపులు వుంటాయి కనుక పరీక్ష కాగానే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది. కుల ధ్రువపత్రం, ఆరవ తరగతి నుండి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, మెమోలు, ఆధార్, ర్యాంకు కార్డు, హాల్ టికెట్టు సిద్ధంగా వుంచుకోవాలి. పేరులో అక్షరం తేడా వుంటే ముందే సరిచేయించాలి. ప్రాసెసింగు ఫీజు 1,200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600. అది కట్టి స్లాటు బుక్ చేసుకుని, హెల్ప్‌లైన్ కేంద్రంలో కాగితాలు చూపించిన తరువాతే ఆప్షన్లు నమోదు చేయనిస్తారు. ఈ కేంద్రాలు ఎక్కువగా ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాలల్లో వుంటాయి. అక్కడి సిబ్బందిని సందేహాలు అడిగితే పైసా ఖర్చు లేదు.

చేరిన తరువాత కూడా ఎంపికలు ఆగవు. జేఎన్‌టీయూ పద్ధతిలో నాలుగేండ్లకు ఎనిమిది సెమిస్టర్లు. పై తరగతుల్లో కొన్ని సబ్జెక్టులను ఎలక్టివుల పేరిట విద్యార్థే కోరుకోవాలి. స్నేహితుడు తీసుకున్నాడని తీసుకోక, ఆ సబ్జెక్టు చెప్పే అధ్యాపకుడు వున్నాడా అని సీనియర్లను అడగాలి. హాజరు 75 శాతం వుండాలి. జబ్బు వంటి కారణం చూపితే 65 దాకా మన్నిస్తారు, అంతకు తగ్గితే ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. రీయింబర్సుమెంటుకు కూడా హాజరు లెక్క చూస్తారు. వరి కోతలకని పిలిపించి పదిహేను రోజులు ఇంట్లో వుంచుకునే తల్లిదండ్రులు దీన్ని గమనించాలి.

ఎంట్రన్సులో ర్యాంకు రానివారికి దారి లేదని కాదు. పదవ తరగతి తరువాత పాలిసెట్ రాసి డిప్లొమా చదివినవారు ఈసెట్ ద్వారా నేరుగా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరవచ్చును. పదవ తరగతి మార్కులతోనే బాసర ట్రిపుల్ ఐటీలో ఆరేండ్ల కోర్సుకు ప్రవేశం వున్నది. ఈ ఏడాది పదవ తరగతిలో వున్న పిల్లల తల్లిదండ్రులు ఆ రెండు ప్రకటనల కోసం ఫలితాల రోజుల్లోనే పత్రికలు చూస్తుండాలి.