ఆమె తరఫున వాదించేదెవరు?

మన కథాసాహిత్యంలో వేశ్య పాత్రకు కొదవ లేదు. ఆమె పతనానికి జాలిపడ్డవారున్నారు, ఆమెను త్యాగమూర్తిగా నిలబెట్టినవారున్నారు. కాని పోలీసులు పట్టుకుపోయిన మర్నాడు మేజిస్ట్రేటు ముందు ఆమె ఏం చెప్పుకోవాలో మనలో ఎందరం ఆలోచించాం? ‘కన్యాశుల్కం’లో మధురవాణి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళింది లుబ్ధావధాన్లు కేసు కోసం. తన మీదే కేసు వస్తే?

1956లో వచ్చి 1986లో సవరణ పొందిన చట్టాన్నే పత్రికలు ‘పీటా’ అంటున్నాయి. ఒళ్ళమ్ముకోవటమే నేరమని అది ఎక్కడా అనలేదు. వ్యభిచార గృహం నడపటం, మరొకరి పడుపు సంపాదన మీద బతకటం, ఆడవాళ్ళను ఈ వృత్తిలోకి దింపటం నేరాలు. ఆమెకు నేరుగా తగిలేవి ముఖ్యంగా రెండు: గుడికీ బడికీ ఆసుపత్రికీ 200 మీటర్ల లోపల వృత్తి సాగించటం (7వ సెక్షను), బహిరంగంగా విటుణ్ణి పిలవటం (8వ సెక్షను). కనుక కోర్టులో తేలవలసింది ఆమె శీలం కాదు. ఎక్కడ, ఏం చేసింది, చూసిందెవరు అన్నవే ప్రశ్నలు. ఇంట్లో కనిపించినంత మాత్రాన ఆ ఇంటిని ఆమె నడిపినట్టు కాదు. వారంటు లేని సోదాకు స్థానికులైన ఇద్దరు ‘మర్యాదస్థులు’ సాక్షులుగా రావాలి, సాక్షుల్లో ఒక స్త్రీ ఉండాలి, ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలి అంటుంది 15వ సెక్షను. ఇవి జరిగాయా అని వకీలు అడిగి తీరాలి.

“ఒప్పేసుకుని జరిమానా కట్టు, పోతుంది” అనే సలహా ప్రమాదకరమని నా అభిప్రాయం. 8వ సెక్షను కింద మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి జైలు ఏడాది దాకా పోవచ్చు. ఈనాటి ఒప్పుకోలు రేపు పాత నేరమై ఎదురొస్తుంది. పైగా 10ఎ సెక్షను ప్రకారం జైలుకు బదులు రెండు నుంచి ఐదేళ్ళ వరకూ దిద్దుబాటు సంస్థలో ఉంచవచ్చు. ఆరు నెలల నేరానికి ఐదేళ్ళ ఉద్ధరణ! ఇదే 8వ సెక్షను కింద పురుషుడికి ఏడు రోజులకు తగ్గని శిక్ష ఉన్నా, అది మూడు నెలలు దాటదు. దిద్దుబాటు సంస్థ స్త్రీకి మాత్రమే. ఈ చట్టం ఎవరి దృష్టితో రాశారో వేరే చెప్పాలా?

ప్లీడరుకు డబ్బులేవీ అంటారా? 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకుంటే చాలు. ఈ సంగతి ఆమెకు చెప్పేవారే కరువు.

బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో 2022 మే 19న సుప్రీంకోర్టు, వీరిని గౌరవంగా చూడమని పోలీసులకూ, వీరెవరో బయటపడనీయవద్దని పత్రికలకూ చెప్పింది. రచయితలుగా మనం చేయవలసిందీ ఉంది. ఆమె కన్నీళ్ళు చాలా రాశాం. ఇకనైనా ఆమె మీద వేసిన చార్జిషీటు చదువుదాం.