ఇంటివద్దనే సైకిలు మరమ్మతు

నెల్లూరు జిల్లా పశ్చిమభాగమునందలి ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టసీమలు. పాఠశాలకు పోవు బాలికకును, పాలు పోయవచ్చు రైతునకును, కూలికి పోవు శ్రామికునకును ఇచట సైకిలు గొప్ప ఆధారము. 2017వ సంవత్సరమున రాష్ట్రప్రభుత్వము ‘బడికొస్తా’ పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళ నొసగెను. అట్టి సైకిలు గాలి పోయి పంచలో పడియున్నచో బాలిక బడి మానవలసివచ్చును. పట్టణములో పంక్చరు దుకాణము వీధిలోనే యుండును. పల్లెలో సైకిలును దూరము త్రోసికొని పోవలెను. కావున చిన్న మరమ్మతులు ఇంటివద్దనే నేర్చుట మేలు.

ఈ సీమలో టైరునకు మొదటి శత్రువు ముల్లు. బాటల ప్రక్కని పల్లేరుకాయలును, కంచెల తుమ్మముళ్ళును ఎండి దారిలో రాలియుండును. అయినను గాలి దిగినంతనే ట్యూబు చిల్లుపడెనని తలపరాదు. పాతతరహా సైకిళ్ళ వాల్వునందు సన్నని రబ్బరు తొడుగుండును. అది చివికినను గాలి పోవును. వాల్వుపై నీటిచుక్క వేసి చూడుడు. బుడగ లేచినచో ముందుగా ఆ రబ్బరును మార్చుడు.

కొనవలసిన పరికరములు కొలదియే: గాలిపంపు, రెండు టైరు లివర్లు, పానా, స్క్రూడ్రైవరు, ఉప్పుకాగితము, సొల్యూషను, అతుకులు, నూనెడబ్బా. లివరు అంచు నున్నగా నుండవలెను. పానా నట్టునకు బిగువుగా పట్టవలెను. వదులైనచో నట్టు మూలలు అరిగిపోవును. స్క్రూడ్రైవరుతో టైరు నూడదీయరాదు, ట్యూబు చినుగును.

చిల్లును అతుకు విధము ఇది. సైకిలును తలక్రిందుగా నిలిపి, టైరు ఒక ప్రక్కను మాత్రమే లివర్లతో తప్పించి, ట్యూబును వెలికి తీయుడు. గాలి కొట్టి నీటిలో ముంచగా చిల్లున్నచోట బుడగలు లేచును. అచట గురుతు పెట్టి, గాలి తీసి, తడి తుడిచి ఉప్పుకాగితముతో రుద్దుడు. అతుకుకంటె కొంచెము వెడల్పుగా సొల్యూషను పలుచగా పూసి, తడి యారువరకు ఆగి, అతుకును గట్టిగా నొక్కుడు. తొందరపడి తడిమీద అంటించిన అతుకు నిలువదు. ఇక ముఖ్యమైన పని: టైరు లోపలిభాగమును గుడ్డతో తడిమి ముల్లును తీయుడు. అది మిగిలినచో మరల చిల్లుపడును. ట్యూబు నలుగకుండ టైరును చేతులతోనే ఎక్కించుడు.

గొలుసునకు యంత్రపునూనె కొలదిగా వేసి, మిగిలినది తుడువవలెను. వంటనూనె జిగటయై దుమ్మును పట్టును. వారమున కొకమారు బ్రేకు రబ్బర్లను, చక్రముల నట్లను పరీక్షింపుడు. ఫోర్కు బీటలువారినను, చక్రము వంకరపోయినను మేస్త్రీకే చూపవలెను. అట్టి సైకిలు నెక్కుట ప్రాణాపాయము.

ఇది మేస్త్రీల విద్యయే యని వెనుదీయ నక్కరలేదు. 1888లో గాలిటైరునకు పేటెంటు పొందిన జాన్ బాయిడ్ డన్లప్ బెల్ఫాస్టులో పశువైద్యుడు. కుమారుని మూడుచక్రముల బండి కొరకు ఆయన దానిని రూపొందించెను. ఇంట సైకిలు త్రొక్కు ప్రతివారును, ముఖ్యముగా బడికి పోవు బాలికలు, ఈ పని నేర్వవలెను. సెలవుదినమున పెద్దలు దగ్గర కూర్చుండి ఒకమారు వారిచేతనే చేయించినచో, ముల్లు గుచ్చుకొన్న దినమున చదువు ఆగదు.