పలువురి తప్పు, ఒక్కని తల

తిలాపాపము తలాపిడికెడు అని మన పెద్దలు చెప్పుదురు. పదిమంది కలిసి చేసిన పాపమును పదిమందియు పంచుకొనవలెనని దాని తాత్పర్యము. రాజ్యాధికారమునకు ఈ లెక్క ఎన్నడును రుచింపలేదు. పదిమంది పాపమునకు ఒక్కని తల దొరికెనేని దానిని సమర్పించి తక్కిన తొమ్మండ్రును శుద్ధులగుట దాని వాడుక. ఇంగ్లీషు నౌకాధిపతి జాన్ బింగు చరిత్రమునకు మించిన తార్కాణము ఇందులకు మాకు కనబడుట లేదు.

1757 మార్చి 14వ తేదీన పోర్ట్స్‌మౌతు రేవులో 'మోనార్క్' అను యుద్ధనౌకపై బింగు మోకరిల్లి, చేతిరుమాలు జారవిడిచి తానే సంజ్ఞ చేయగా, స్వకీయ నౌకాదళపు సైనికులే ఆయనను కాల్చి చంపిరి. అప్పటికి ఆయనకు 52 ఏండ్లు. ఆయన పిరికివాడు కాడనియు, రాజద్రోహి కాడనియు న్యాయాధిపతులే తేల్చియుండిరి. యుద్ధమున చేయగలిగినదంతయు చేయలేదన్నదే నేరము. ఇంతటి స్వల్పవాక్యమునకు ఇంతటి దండన యెట్లు పట్టినదో విచారింపదగియున్నది.

మధ్యధరా సముద్రములోని మినార్కా దీవి 1708 మొదలు ఇంగ్లీషువారి స్వాధీనమున నుండెను. దానిపైకి పోవుటకై పరాసులు టూలాను రేవులో దండు కూర్చుచున్నారని 1756 ఆరంభముననే లండనుకు వార్తలు వచ్చినవి. ఐనను మంత్రులు స్వదేశముపైకి దండయాత్ర వచ్చునను భయముచే మంచి నౌకలను ఇంటనే నిలుపుకొని, ఏప్రిలు నెలలో 10 యుద్ధనౌకలను మాత్రము బింగు వెంట పంపిరి. వానికి నావికులు చాలరు. కోటకు తోడ్పడవలసిన పదాతులకు చోటు చేయుటకై, ఓడలపై పోరాడవలసిన సైనికులను దింపివేసిరి. ఆయన జిబ్రాల్టరు చేరునప్పటికే సుమారు 15,000 పరాసు సైన్యము దీవిలో దిగి సెయింటు ఫిలిప్పు కోటను ముట్టడించినది. కోటలో నున్నది 3,000 మంది; వారికి నాయకుడు ఎనుబదియేండ్లు దాటిన బ్లేక్నీ; అచ్చటనుండవలసిన అధికారులలో పెక్కుమంది సెలవుపై నుండిరి. బింగునకు కొంత సైన్యము తోడు పంపుమన్న ఆజ్ఞను జిబ్రాల్టరు గవర్నరు పాటింపలేదు.

మే 20వ తేదీన 13 ఇంగ్లీషు నౌకలు 12 పరాసు నౌకలతో తలపడినవి. గాలి ఇంగ్లీషువారికే అనుకూలముగా నుండెను. కాని వారి బారు శత్రువుల బారునకు ఏటవాలుగా సాగుటచే, వెస్టు అనువాని క్రింద నున్న ముందరి నౌకలు ఫిరంగుల దెబ్బలను తిన్నవి. బింగు ఎక్కిన 'రామిలీస్' మొదలగు వెనుకటి నౌకలు సకాలమున దగ్గరకు రాలేదు. నడుమ ఒక ఓడకు కొయ్య విరిగి వెనుకవచ్చు ఓడల త్రోవ చెదిరెను. బారు విడిచి శత్రువుపైకి సాగుదమని 'రామిలీస్' కెప్టెను సూచింపగా, మాథ్యూసునకు పట్టిన గతిని బింగు జ్ఞాపకము చేసెను.

ఆ గతి యేదనగా, 1744లో టూలాను యెదుట మాథ్యూసు అను నౌకాధిపతి బారును లెక్కింపక శత్రువుపైకి ఉరికెను. 1747లో ఆయనను కొలువునుండి తొలగించిరి. ఆ విచారణలో తీర్పు చెప్పినవారిలో బింగు ఒకడు! బారు విడిచినవాడు శిక్షితుడగుట కన్నులార చూచినవాడు బారు విడుచుటకు జంకుటలో వింత యేమున్నది? ముందునకు పోయిన ఒకనికి పదవి పోయెను. వెనుకకు నిలిచిన వేరొకనికి ప్రాణమే పోయెను.

బింగు నిర్దోషియని మేము వాదించుట లేదు. యుద్ధమున ఒక్క ఓడయు మునుగలేదు. నాలుగు దినముల పిమ్మట ఆయన నాయకుల సభ కూర్చి, కోటను రక్షింపజాలమని నిర్ణయించి, మరొక ప్రయత్నము చేయకయే జిబ్రాల్టరునకు మరలెను. దిక్కులేని కోట మరి యొక నెల పోరాడి లొంగిపోయినది. ఉత్సాహము లోపించిన నాయకుని పదవినుండి తొలగించుట న్యాయమే. తొలగించుటకును తుపాకికి ఎర చేయుటకును నడుమనున్న దూరమును దాటించినవారెవరు?

మా యభిప్రాయమున ఆ పని తుపాకులకంటె ముందు కత్తెర చేసినది. బింగు వ్రాసిన లేఖ లండను చేరగానే, ప్రభుత్వము దానిని తన గెజెటులో ప్రకటించెను. కాని ఓడల దుస్థితిని గురించియు, జిబ్రాల్టరును కాపాడవలసిన యవసరమును గురించియు ఆయన చెప్పుకొనిన మాటలను తీసివేసి ప్రకటించెను. మిగిలిన దానిని చదివినవారికి పారిపోయివచ్చిన వాని సంజాయిషీవలె తోచక యెట్లుండును? ఊరూర ఆయన బొమ్మలను తగులబెట్టిరి. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, మంత్రులపై రావలసిన ఆగ్రహము సేనానిపైకి మరలెను. ఐనను ప్రధానమంత్రి న్యూకాజిలు ప్రభువునకు పదవి దక్కలేదు; నవంబరులో దిగిపోయెను. ఆయన రేపిన మంట మాత్రము ఆయనతో పోలేదు.

డిసెంబరు కడపటి వారమున 'సెయింటు జార్జి' నౌకపై విచారణ ఆరంభమై 1757 జనవరి 27న ముగిసినది. ఆ నెలలోనే, 24వ తేదీన, మన దేశమున పరాసు సేనాని బుస్సీ ఫిరంగులకు బొబ్బిలికోట కూలినదని చెప్పినచో చదువరులకు కాలము మనసునకు తట్టును. న్యాయాధిపతుల చేతులను శాసనము కట్టివేసినది. 1745లో ఓడను శత్రువునకు అప్పగించెనని ఒక చిన్న లెఫ్టినెంటును కాల్చి చంపి, పెద్ద నాయకులను తేలికగా విడిచిరని ప్రజలు గోలపెట్టగా, 1749లో శాసనమును బిగించిరి. పండ్రెండవ నిబంధన ప్రకారము, పిరికితనముచేతనైనను అలక్ష్యముచేతనైనను యథాశక్తి పోరాడనివానికి మరణ మొక్కటే దండన. కావున న్యాయాధిపతులు మరణశిక్ష విధించుచునే, క్షమింపుమని ఏకగ్రీవముగా కోరిరి. వారిలో కొందరు తమ నోళ్లు కట్టిన ప్రమాణమునుండి విడుదల వేడగా, కామన్సు సభ సమ్మతించెను. ప్రభువుల సభ త్రోసివేసెను. నౌకాశాఖాధికారులలో ఫోర్బ్సు అను నొకడు మరణాజ్ఞపై సంతకము చేయననెను. పిట్టు మంత్రి కామన్సు సభవారు దయను కోరుచున్నారని విన్నవింపగా, ప్రజాభిప్రాయమును ఆ సభకు వెలుపల వెదకుట నీవే నాకు నేర్పితివని రెండవ జార్జి రాజు బదులు చెప్పెనట! క్షమాధికారము గలవాడు గుంపు కేకలను సాకుగా చేసికొనెను. ఆ కేకలు కత్తిరించిన లేఖనుండి పుట్టినవి.

ఈ శిక్ష మంచిదే, తరువాతి ఇంగ్లీషు నావికులు దానిని తలచియే సాహసించిరి అని చెప్పువారు కలరు. కౌటిల్యుడు తగిన దండనను మెచ్చెను గాని, తీవ్రదండనను మెచ్చలేదు. ఆ శాసనము మంచిదే యైనచో, 1779లో ఆ పార్లమెంటే దానిని సడలించి, నేరమునకు తగిన యితర శిక్షకును చోటిచ్చుట యెందుకు? ఆ సడలింపు బింగునకు 22 ఏండ్లు ఆలస్యమైనది. 2007లో ఆయన వంశీయులు మరణానంతర క్షమాపణ కోరగా, అదియు దొరకలేదు.

మన దేశపు అనుభవము దీనికి ప్రతిగా నిలుచును. యుద్ధకాలమున ఆజాదు హిందు ఫౌజు చరిత్రను ప్రభుత్వము కప్పిపుచ్చెను. 1945 నవంబరులో ఎర్రకోట విచారణలో భూలాభాయి దేశాయి వాదముతో ఆ కథ అంతయు బయటబడినది. సైనిక న్యాయస్థానము షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌లకు యావజ్జీవ ద్వీపాంతరవాసము విధించినను, 1946 జనవరి 3న ఆ శిక్షను సర్వసేనాని రద్దు చేయక తప్పలేదు. సగము కథ విన్న ప్రజ ఒకని తల కోరినది; పూర్తికథ విన్న ప్రజ ముగ్గురిని విడిపించినది.

ఏ యుద్ధమున ఓటమి వచ్చినను, ఏ పనిలో చెరుపు జరిగినను, ప్రభుత్వము వెంటనే ఒక పేరును మన ముందుంచును. ఆ పేరును అచ్చువేయుటకు మేమును, నమ్ముటకు చదువరులును తొందరపడకుండుట మంచిది. అతని లేఖ పూర్తిగా ఎక్కడనున్నది, అతనికి చాలినన్ని ఓడలు ఇయ్యనివారెవరు అని ముందుగా అడుగవలెను. అడుగుట మన హక్కు. అడుగకుండుట ఆ పాపములో మన వంతు పిడికెడు.